నడిచి వెళ్ళిన బాలయేసు

బార్‌స్టో, కాలిఫోర్నియా
1973 జూన్ 10

దెల్ఫినా అక్కకు,

ముందు కూర్చో. నిలబడి చదివే ఉత్తరం కాదు ఇది.

నిన్న ఓరాలియా వాళ్ళ అన్న కూతురి జ్ఞానస్నానానికి నీడిల్స్ వెళ్ళి వస్తున్నాం. ఇప్పుడు లోకమంతా కొత్త రహదారి మీద పోతుంటే నీకే ఈ పాత రోడ్డు పిచ్చి అని నా పెళ్ళాం దారంతా సణుగుతూనే ఉంది. ఆ సణుగుడు తీరకముందే కారు కాగిపోయి రేడియేటరు పొగలు కక్కింది. అదీ ఎడారి నడిమధ్యన, సరిగ్గా ఆ పసుపు బోర్డుల చోట.

ఆ బోర్డుల సంగతి నీకెప్పుడూ రాయలేదు. రాయడానికేముందని. 'రాతి పిల్లాడు, ఇంకా నలభై మైళ్ళు.' 'రాతి పిల్లాడు, చూడకుండా పోతే తరవాత బాధపడతారు.' 'రాతి పిల్లాడు, చల్లని నీళ్ళు కూడా.' పసుపు రేకుల మీద నల్ల అక్షరాలు, రోడ్డు పొడుగునా. ఇక్కడ రైలు షెడ్డులో చేరినప్పటి నుంచీ చూస్తున్నాను, నవ్వుకుంటూ పోతున్నాను. ఒక్కసారీ ఆగలేదు.

నీళ్ళ కోసం ఆ బోర్డులు చెప్పే రేకుల షెడ్డు దగ్గర ఆగాం. ఓరాలియాకు ఇంకో అవసరం కూడా ఉందిలే. అక్కడున్న తెల్ల ముసలామె నీళ్ళు ఊరికే పోసింది గానీ, మరుగుదొడ్డి తాళం మాత్రం టికెట్టు కొంటేనే అంది. కొన్నాం. లోపల రెండు తలల దూడ, దూది కుక్కినది. ఎవడో గజదొంగ తోలిన కారట, ఒళ్ళంతా తుపాకీ తూట్లు. అవి మేకుతో పొడిచిన కన్నాలని ఇనుముతో పనిచేసే నాకు తెలియదా? చివర ఒక తెర. తెర వెనక అద్దాల పెట్టె. 'వెయ్యేళ్ళ నాటి రాతి పిల్లాడు.'

అక్కా, అది రాయి కాదు. కొయ్య. ఎడమ మోకాలి మీద కొవ్వొత్తి కాలిన మచ్చ. కుడిచేతి చిటికెన వేలు మిగతా వేళ్ళకన్నా లావు. ఆ వేలు విరిగితే నాన్న కొత్తది చెక్కి అతికించాడు, గుర్తుందా, లావైందని నువ్వు నవ్వావు కూడా. మన బాలయేసు అక్కా. మన గుడిలోంచి పోయిన బాలయేసు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గుడి తాళాలు నాన్న దగ్గరే ఉండేవి గనక నింద ఆయన మీదే పడింది. బడిలో నా జేబులు వెతికేవాళ్ళు, మీ నాన్న దేవుణ్ణి అమ్మిన డబ్బులేవని. ఆ ముఖాలు ఒక్కటీ మరిచిపోలేదు. నాన్న ఎవరడిగినా ఒకటే మాట అనేవాడు: "నడిచి వెళ్ళాడు. వస్తాడు." అంతకు మించి ఒక్క ముక్క చెప్పకుండానే పోయాడు. ఆయన్ని మట్టిలో పెట్టిన మర్నాడు నేను ఊరు వదిలాను. ఎందుకో నీకు తెలుసు.

ఎవడో దొంగ ఎత్తుకెళ్ళి అమ్మి ఉంటాడు. నాన్న కాదు. అది తేలాలి. నేనక్కడే గొడవ పెట్టుకోబోతే ఓరాలియా చెయ్యి పట్టుకుని కారులోకి లాగింది. నువ్వు వచ్చి చూడు. నేను చెబితే ఆ దొంగ అన్సెల్మో కొడుకు అల్లిన కట్టుకథ అంటారు. నువ్వు చెబితే నమ్ముతారు.

మా ఇంట్లోనే దిగాలి. మంచం వేసి ఉంచుతాం.

నీ తమ్ముడు
అబ్రాన్


అలమీతోస్, న్యూ మెక్సికో
1973 జూన్ 17

తమ్ముడు అబ్రాన్‌కు, ఇంట్లో అందరికీ దేవుని శాంతి.

ఉత్తరం కూర్చునే చదివాను. తరవాత మోకాళ్ళ మీద చదివాను.

వస్తాను. వెంటనే కాదు. గుడి గోడలకు మట్టి మెత్తుతున్నాం. వానలు దిగేలోగా ముగించాలి. ఈ ఏడు చేతులు తక్కువ. పెర్ఫీలియా అత్తకు ఎనభై దాటినా నిచ్చెన ఎవరికీ ఇవ్వదు. దిగమంటే, నేను పైకి పోయేదాన్నే కదా, అలవాటు చేసుకుంటున్నానంటుంది.

గుడి తాళంచెవి ఇంకా ఆమె నడుముకే ఉంది. నాన్న దగ్గర తీసుకున్నది కదా. నేను ఊడవడానికి వెళ్ళేముందు అడిగి తీసుకుంటాను, అయ్యాక ఇచ్చేస్తాను.   బాలయేసు చిన్న కుర్చీ గూట్లో ఖాళీగానే ఉంది. దాని దుమ్ము రోజూ దులుపుతాను.

నువ్వు చూసిన సంగతి ఎవరికీ చెప్పకు. ఇక్కడ నేనూ చెప్పలేదు. ఆ ముసలావిడ మీద కోపం పెట్టుకోకు. డబ్బు అడగకుండానే నీళ్ళిచ్చింది.

నీ రేడియేటరును కూడా ప్రార్థనలో తలుచుకున్నాను.

అక్క


అలమీతోస్
1973 జూలై 2

అబ్రాన్‌కు,

గోడల పని మధ్యలో వదిలి వెళ్ళి చూశాను. మన బాలయేసే. అక్కడే ఉంచి వచ్చాను. క్షేమంగా ఉన్నాడు.

నువ్వు అక్కడికి వెళ్ళకు. మిగతాది తరవాత రాస్తాను. నీ పేరు మీద జపమాల చెబుతున్నాను.

అక్క


బార్‌స్టో
1973 జూలై 8

దెల్ఫినా అక్కకు,

టెలిగ్రాం కూడా ఇంతకన్నా పొడుగ్గా ఉంటుంది.

గంటన్నర దూరం వచ్చి గడప తొక్కకుండా పోయావు. నువ్వొస్తావని ఓరాలియా మొక్కజొన్న పిండి రుబ్బి, పందిమాంసం కూరి, పొట్లాలు కట్టి, ఆవిరికి పెట్టి కూర్చుంది. వారం రోజులు అవే తిన్నాం. మీ అక్కకు నా వంట పడదన్నమాట అని రోజూ ఒకసారి అంటోంది. ఏం చెప్పను?

సరే, అది పోనీ. ఆయనే అంటావు. అక్కడే ఉంచానంటావు. మన ఇల్లు బతికినన్నాళ్ళూ దొంగ ఇల్లుగా బతకడానికి కారణం దొరికితే, చూసి, దణ్ణం పెట్టి, బస్సెక్కి వచ్చేశావా? నువ్వు ఇలా నోరు కట్టేసుకున్నావంటే ఒకటే అర్థం. ఆ ముసలామె నీకేదో చెప్పింది. మీ నాన్నే అమ్మాడని చెప్పింది. నేను తట్టుకోలేనని దాస్తున్నావు. అమ్మ పోయినప్పుడూ ఇలాగే చేశావు, రెండు రోజులు నాకు పాలు తాగించి, అమ్మ నిద్రపోతోందన్నావు.

నేను చిన్నపిల్లాణ్ణి కాదు. నాన్న అమ్మి ఉంటే అమ్మాడని చెప్పు. వారంలో జవాబు రాకపోతే నేనే వెళ్ళి ఆమెనే అడుగుతాను.

అబ్రాన్


అలమీతోస్
1973 జూలై 13

తమ్ముడు అబ్రాన్‌కు,

నాన్న అమ్మలేదు. ముందు ఈ మాట చదివి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, తరవాత మిగతాది చదువు.

మీ ఇంటికి వస్తే నువ్వు అడిగేవాడివి. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ సగమే ఉంది. ఓరాలియా వంట గురించి నా తరఫున చెప్పు, తప్పు నాది, వంటది కాదని.

నేను దిగుతానంటే బస్సు డ్రైవరు నమ్మలేదు. "ఇక్కడ దిగేది బల్లులేనమ్మా," అన్నాడు. చుట్టూ ఉప్పునేల. రేకుల షెడ్డు. సీసాలు పేర్చి కట్టిన గోడ. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, నెత్తిన మగవాళ్ళ టోపీ. పేరు వెర్నా ప్రూయిట్. టికెట్టు మాట ఎత్తకముందే నీళ్ళు తెచ్చింది. ఆ రోజుకు నేనొక్కదాన్నే. కొత్త రోడ్డు మీద పోయేవాళ్ళకు దాహం కూడా వేయదు కాబోలు అంది.

తెర వెనకకు వెళ్ళి మోకరించాను. ఎండదెబ్బ తగిలిందనుకుని ఆవిడ కుర్చీ పట్టుకొచ్చింది. చేతిలో జపమాల చూశాక, ఓహో నువ్వూ వాళ్ళలో దానివేనా అంది. రైలు పట్టాల పనివాళ్ళ ఆడవాళ్ళు, మనవాళ్ళే, ఎప్పుడైనా వస్తారట. పసిపిల్లల జోళ్ళు గుమ్మంలో పెట్టి, మాటాడకుండా పోతారట. ఎందుకో ఆవిడకు తెలియదు. వాడి వట్టి కాళ్ళు చూసి జాలిపడుతున్నారనుకుంటోంది. బాలయేసు తిరిగి తిరిగి ఆపదలో ఉన్నవాళ్ళకు రొట్టె, నీళ్ళు మోసుకెళ్తాడని, అందుకే జోళ్ళు అరిగిపోతాయని మన దగ్గర పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. ఆవిడకు ఎవరు చెబుతారు?

కానీ ఆవిడ ఆ జోళ్ళను పారేయలేదు. అరలో వరసగా పెట్టుకుంది. ఆదివారం ఆదివారం కొత్త జత తొడుగుతుంది. "మడమ దగ్గర అరుగుతున్నాయి," అంది నాతో, "ఎలకలేమో." నేను ఒక జత తీసి అడుగు చూశాను. ఎలకలు అలా కొరకవు. ఇంతకన్నా రాయను.

తరవాత, అడగకుండానే చెప్పింది.

వాళ్ళది ఓక్లహోమా. దుమ్ము తుఫానులకు పొలం పోయింది. మొగుడు ఓర్విల్, నాలుగేళ్ళ కూతురు వాండా లీ. డొక్కు ట్రక్కులో కాలిఫోర్నియా బయలుదేరారు. దారిలో పాపకు జ్వరం. కొండల్లో ఒక ఊరి దగ్గర ఇరుసు విరిగింది. నడుముకు తాళాలు, పెద్ద మీసాలు ఉన్న ఒకాయన వాళ్ళను గుడి నీడలోకి తీసుకెళ్ళాడు. ఒక పిల్ల పాలు తెచ్చిందట. ఆ పిల్ల నేనే అయి ఉండాలి. నాకు గుర్తు లేదు. ఆ ఏడు ఎన్ని ట్రక్కులు ఆగాయో, ఎన్ని చెంబుల పాలు మోశానో.

పాప ఏడుపు ఆపలేదు. గూట్లో బాలయేసును చూసి ఆపింది, చేతులు చాచింది. ఆయన కుర్చీలోంచి తీసి పాప ఒళ్ళో పెట్టాడు. ఏదో చాలాసేపు చెప్పాడట. వాళ్ళకు మన భాష రాదు, నాన్నకు ఇంగ్లీషు ముక్క రాదు. చివరికి చెయ్యి చాచి రోడ్డు చూపించాడు, ఆ చెయ్యే వెనక్కి తిప్పి తన గుండె మీద పెట్టుకున్నాడు. రెండుసార్లు.

"దారిలో దేవుడు తోడుంటాడు, నా గుండెలో మీరుంటారు అంటున్నాడనుకున్నాం," అంది ఆవిడ. "మా గుళ్ళలో బొమ్మలుండవమ్మా. బొమ్మంటే మాకు పిల్లలాడుకునేదే. ఓర్విల్ టోపీ తీసి దణ్ణం పెట్టాడు. అంత మంచి మనిషిని మళ్ళీ చూడలేదు."

మన దగ్గర జబ్బు చేసిన ఇంటికి స్వరూపాన్ని తీసుకెళ్తారు, మంచం పక్కన పెడతారు, నయమయ్యాక తెచ్చి గుళ్ళో అప్పగిస్తారు. అది లోకానికంతటికీ తెలుసని నాన్న అనుకున్నాడు. పాపకు బొమ్మ ఇచ్చాడని వాళ్ళనుకున్నారు. ఇందులో ఎవరి పాపమూ లేదు.

వాండా లీ ఆ ఎడారిలోనే పోయింది, ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని. షెడ్డు వెనక పాతిపెట్టారు. దాన్ని వదిలి ముందుకు పోలేక అక్కడే ఉండిపోయారు. బావి తవ్వారు, నీళ్ళు అమ్మారు. కిటికీలో బొమ్మను చూసి దారిన పోయేవాళ్ళు అడుగుతుంటే ఓర్విల్ కథలల్లాడు, పెట్టె చేయించాడు, బోర్డులు రాశాడు. ఆవిడకు ఇష్టం లేకపోయింది. కానీ జనం ఆగేవారు. జనం ఆగితే పాపకు ఒంటరిగా ఉండదనుకుంది. మొగుడు పోయాడు. ఇప్పుడు జనమూ పోయారు. "వాడిని రాయి అన్నందుకు తుడిచేటప్పుడల్లా మన్నించమని అడుగుతాను," అంది.

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇది మా ఊరిది, మా నాన్న తిరిగి తెమ్మని ఇచ్చినది. నేనామాట అంటే ఆవిడ ఆ క్షణాన తువ్వాలులో చుట్టి నా చేతికి ఇచ్చేసేది. అలాంటి మనిషి. తరవాత ఖాళీ పెట్టె పక్కన కూర్చునేది. నీళ్ళు తాగి బస్సెక్కాను.

నాన్న ఎందుకు చెప్పలేదో ఆ బస్సులో తెలిసింది. ఊళ్ళో చెప్పి ఉంటే మగవాళ్ళు గుర్రాలెక్కి ఆ ట్రక్కును పట్టుకుని, జ్వరంలో ఉన్న పాప చేతుల్లోంచి లాక్కొచ్చేవాళ్ళు. నెలలు గడిచాక చెప్పినా నమ్మేదెవరు? నడిచి వెళ్ళాడు, వస్తాడు. మనం అది తప్పించుకునే మాట అనుకున్నాం. ఊరు ఎగతాళి అనుకుంది. ఆయన ఉన్నదే చెప్పాడు.

ఇప్పుడు ఆ బరువు నా దగ్గరికి వచ్చింది. నాన్న పేరు మీది మచ్చ కడగాలంటే ఆవిడ దగ్గర ఉన్నదొక్కటీ తీసుకోవాలి. ఆవిడను వదిలేస్తే నాన్న దొంగగానే ఉంటాడు. ప్రార్థిస్తున్నాను. జవాబు రాలేదు. వచ్చేదాకా నువ్వూ ఓపిక పట్టు.

అక్క


బార్‌స్టో
1973 జూలై 15

దెల్ఫినా అక్కకు,

నిన్న వెళ్ళాను. వారం ఆగుతానన్నాను గానీ ఆగలేకపోయాను.

ఆమె గుమ్మంలోనే ఉంది. నమస్కారం కూడా పెట్టలేదు నేను. "మా నాన్నకు ఎంతిచ్చి కొన్నావు దీన్ని?" అన్నాను. అరిచాననే అనుకో.

 మీసాలాయనా, నడుముకు తాళాలాయనా అని అడిగింది. అవునన్నాను. అక్కడే మెట్టు మీద కూర్చుంది. "కొనలేదు నాయనా. ఇచ్చాడు," అంది.

ఎవరూ ఇవ్వరు, ఇది అలమీతోస్ గుడిది అన్నాను. జబ్బు మనిషి కోసం తీసుకెళ్తారు, నయమయ్యాక తెచ్చిస్తారు, అది మా ఊరి పద్ధతి అన్నాను. అప్పుడామె చెయ్యి చాచి రోడ్డు చూపించింది. మెల్లగా ఆ చెయ్యి వెనక్కి తిప్పి గుండె మీద పెట్టుకుంది. మళ్ళీ ఒకసారి చేసింది. ఏదో లెక్క తప్పిందని వేళ్ళ మీద మళ్ళీ చూసుకుంటారే, అలా.

"తిరిగి తెమ్మన్నాడా?" అంది.

పోట్లాడటానికి వెళ్ళినవాణ్ణి, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాప సంగతి చెప్పింది. సమాధి చూపించింది. తరవాత అడిగింది, ఆయన ఎదురుచూశాడా అని.

"చచ్చేదాకా," అన్నాను.

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎండలో నిలబడ్డాను. రాలేదు. వచ్చేశాను. నువ్వు తిట్టనక్కరలేదు, ఓరాలియా ఆ పని చేసేసింది.

సోమవారం. ఉత్తరం పోస్టు చేయకముందే నీది వచ్చింది. అక్కా, నువ్వు మింగిన మాట నేను రెండు రోజుల ముందే కక్కేశాను.

అబ్రాన్


అలమీతోస్
1973 జూలై 21

తమ్ముడు అబ్రాన్‌కు,

నేను జవాబు కోసం ఎదురుచూస్తుంటే దేవుడు నీ నోట చెప్పించాడేమో. నాకు తెలియదు. కానీ 'చచ్చేదాకా' అన్నది మాత్రం నీ మాటే. దానికి వెళ్ళి మన్నించమని అడుగు.

వట్టి చేతులతో వెళ్ళకు. జోళ్ళు పట్టుకెళ్ళు.

నాన్న ఎదురుచూశాడని చెప్పు, కోపంతో కాదని చెప్పు. గుడిలోకి రావద్దన్నాక ఆయన బయట అరుగు మీద కూర్చునేవాడు, రోడ్డుకేసి చూస్తూ. తెచ్చిస్తారో లేదోనని చూస్తున్నాడనుకున్నాను ముందు. కాదు. పాపకు నయమైందో లేదో కబురు వస్తుందని చూశాడు. ఆయన సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

గోడలు అయిపోయాయి. ఆ రాత్రే వాన పడి ఉత్తరం వైపు గోడ కారిపోయింది. మళ్ళీ మొదలు.

అక్క


బార్‌స్టో
1973 ఆగస్టు 5

దెల్ఫినా అక్కకు,

ఓరాలియా ఎర్ర జోళ్ళు కొంది, తోలువి, ముందు చిన్న బొత్తాం. మొక్కజొన్న పొట్లాలు కూడా కట్టింది. ఇద్దరం వెళ్ళాం.

తలుపుకు తాళం. 'మూసేశాం' అని అట్ట ముక్క. కిటికీలోంచి చూశాను. తెర తీసి ఉంది. పెట్టె ఖాళీ. అరలో జోళ్ళు లేవు. వెనక సమాధి చుట్టూ కొత్తగా చిమ్మి ఉంది, డబ్బాలో నీళ్ళు పెట్టి ఉన్నాయి.

అవతల పెట్రోలు బంకు వాణ్ణి అడిగాను. ముసలామె పోయిన వారం బస్సెక్కిందట. ఎక్కడికో చెప్పలేదట. దుప్పట్లో ఏదో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుందట. ఎండ తగలకుండా టోపీ తీసి దానికి పెట్టిందట.

పోలీసులు వస్తారని భయపడి పారిపోయి ఉంటుంది. అలా అరిచినవాణ్ణి చూసి ఎవరు పారిపోరు? నాన్న పోగొట్టలేదు అక్కా. ఈసారి నిజంగానే బాలయేసును పోగొట్టింది అన్సెల్మో కొడుకు. ఇక నేను ఆ ఊరికి ఏ ముఖంతో వస్తాను?

ఎర్ర జోళ్ళు బల్ల మీద ఉన్నాయి. చూడలేకపోతున్నాను.

అబ్రాన్


అలమీతోస్
1973 ఆగస్టు 19

తమ్ముడు అబ్రాన్‌కు, ఓరాలియాకు దేవుని శాంతి.

ఆవిడ పారిపోలేదు. గుడి పండుగ పనిలో పడి రాయడం ఆలస్యమైంది. నిన్ను ఇన్నాళ్ళు బాధలో ఉంచినందుకు మన్నించు.

మేం ఉత్తరం వైపు గోడ మెత్తుతున్నాం. పెర్ఫీలియా అత్త నిచ్చెన మీద ఉంది. రోడ్డు నుంచి కొండ మీదికి ఎవరో నడిచి వస్తున్నారు, మధ్యమధ్య ఆగుతూ. భుజాన గోనెసంచి, చేతుల్లో దుప్పటి మూట, మూటకు టోపీ. నువ్వు కోపంలో ఊరి పేరు చెప్పావట కదా. ఆ ఒక్క పని బాగా చేశావు. దారిలో రెండు చోట్ల తప్పిపోయి, ఎవరింట్లోనో పడుకుని, అడుగుతూ వచ్చిందట.

నన్ను గుర్తుపట్టింది. ఆ రోజే చెప్పి ఉండాల్సింది కదమ్మా అంది. అవునన్నాను. అందరికీ చెప్పు అంది. ఆవిడ అన్న మాటలే నేను మన భాషలో చెప్పాను.

"తీసుకున్నవాళ్ళం తేవడం ఆలస్యం చేశాం. తెమ్మన్నాడని మాకు తెలియలేదు. తెలిస్తే తెచ్చేవాళ్ళం."

 పెర్ఫీలియా అత్త నిచ్చెన దిగింది, ఎవరూ దిగమనకుండానే. మట్టి చేతులు గౌనుకు తుడుచుకుని, దుప్పటి తప్పించి, ఆ లావు వేలు పట్టుకుని చూసింది.  తరవాత ఆవిడ ముఖం చూసింది.

"పాపకు నయమైందా?" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెర్ఫీలియా అత్త తన నల్ల శాలువా విప్పి ఆవిడ భుజాల మీద కప్పింది. ఆ సాయంత్రం గుళ్ళో వాండా లీ కోసం జపమాల చెప్పాం, నిన్న పోయినట్టే. చిక్కుళ్ళు, మిరప పులుసు, రొట్టెలు ఎవరింటివి వాళ్ళు తెచ్చారు. బిడ్డ పోయినప్పుడు వినాల్సిన మాటలన్నీ ఆవిడ ఆ రోజు విన్నది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికీ తల ఊపింది. పులుసు కారానికి కళ్ళనీళ్ళు వచ్చాయంది. మేం అలాగే అనుకున్నాం.

మర్నాడు పెర్ఫీలియా అత్త ఒక్కతే నాన్న సమాధి దగ్గరికి వెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు. తిరిగి వచ్చి నా గౌను జేబులో తాళంచెవి వేసింది. "నడుం నొప్పి పుడుతోంది దీంతో. నువ్వే మోసుకో," అంది. అంతే అంది. నాకు అది చాలు.

బాలయేసు తన కుర్చీలో కూర్చున్నాడు. పండుగ బాగా జరిగింది. నువ్వు లేవన్నదొక్కటే లోటు. వెర్నా పండుగ దాకా మా ఇంట్లోనే ఉంది. గుళ్ళో ముందు బల్ల మీద కూర్చుని చేతులు ఒళ్ళో ఎలా పెట్టుకోవాలో తెలియనట్టు ఉండేది. పండుగ అయ్యాక, పాప అక్కడ ఒంటరిగా ఉంది, వెళ్తానంది.

వెళ్ళేరోజు అందరం గుడి ముందు నిలబడ్డాం. పెర్ఫీలియా అత్త నన్ను అడిగింది, ఆ ఎడారిలో దారిన పోయేవాళ్ళకు దాహం వేయడం మానేసిందా అని. కొత్త రోడ్డు పడింది, పాత రోడ్డున ఒకరో ఇద్దరో వస్తారన్నాను.

"ఆ ఒకరిద్దరికి ఎవరున్నారు మరి? మన దగ్గర నీళ్ళకేం తక్కువ. కురిసి గోడలు కూడా కూలుతున్నాయి," అంది.

లోపలికి వెళ్ళి, కుర్చీలోంచి ఆయన్ని తనే తీసి, వెర్నా చేతుల్లో పెట్టింది. ఆవిడ వద్దు వద్దంటోంది. పెర్ఫీలియా అత్త వినలేదు. చెయ్యి చాచి రోడ్డు చూపించింది. ఆ చెయ్యి వెనక్కి తిప్పి గుండె మీద పెట్టుకుంది. ఈసారి పొరపాటు జరగకూడదని నేను ఇంగ్లీషులో కూడా చెప్పాను, వచ్చే పండుగకు మీరే తీసుకురావాలి, ప్రతి పండుగకూ తీసుకురావాలి అని. వెర్నా ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, రెండో చేత్తో అదే సైగ తిరిగి చేసింది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళందరూ చేశారు.

ఇక నీ పని. రంగు డబ్బా, కుంచె తీసుకుని ఆ పసుపు బోర్డుల దగ్గరికి వెళ్ళు. 'రాతి' అన్నది చెరిపెయ్యి. 'చల్లని నీళ్ళు' ఉంచు. ఎర్ర జోళ్ళు ఆవిడకు ఇవ్వు, చాలా దూరం తిరిగి వచ్చాడు, పాతవి అరిగి ఉంటాయి. చెప్పాల్సిన మన్నింపు మాట కూడా అప్పుడే చెప్పు. వచ్చే పండుగకు ఆవిడను బస్సులో కాదు, నీ కారులో తీసుకురా. రేడియేటరు బాగు చేయించుకో. ఇక్కడ నీ జేబులు ఎవరూ వెతకరు.

ఇవాళ పూజకు పట్నం నుంచి ఫాదర్ వచ్చారు. ఈయన కొత్త. గూట్లో ఖాళీ కుర్చీ చూసి, మొన్న పండుగకు ఉన్న బాలయేసు ఏడీ అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా పెర్ఫీలియా అత్త జవాబు చెప్పింది.

"నడిచి వెళ్ళాడు. వస్తాడు."

నీ అక్క
దెల్ఫినా